కూరగాయ తోటల్లో వేరుబుడిప నులిపురుగు: నాటకముందే మొదలుపెట్టాల్సిన జీవ నియంత్రణ

టమాటా, వంగ, బెండ, దోస, కాకర, బీర వేసే రైతులు పదే పదే అడిగే ప్రశ్న ఇది: "చెట్టు పీకి చూస్తే వేరంతా బుడిపెలే. ట్రైకోడెర్మా పోశాం, తగ్గలేదు. ఇంకేం పోయాలి?"

ఆ బుడిపెలు కంటికి ఆనని నులిపురుగు (నెమటోడ్) చేసినవి. జవాబు కాస్త చేదుగానే ఉంటుంది. బుడిపెలు కనబడ్డాక పోసే జీవ మందు (మేలుచేసే శిలీంద్రం లేదా బ్యాక్టీరియా) ఆ పంటకు పెద్దగా అక్కరకు రాదు. ఈ పద్ధతిలో ముప్పాతిక పని నాట్లకు ముందే అయిపోవాలి. ఎండాకాలం దుక్కిలో కొంత, నారులో కొంత, పశువుల ఎరువు కుప్పలో కొంత. మిగిలింది నాటాక మొదటి నెలన్నరలో చేసేది. ఆ వరుసలోనే ఈ మార్గదర్శి సాగుతుంది. ఏదైనా అంచె వదిలేయక తప్పకపోతే నారు, ఎరువు ఈ రెండింటినీ మాత్రం వదలకండి.

## 1. పురుగు పని చేసే తీరు

మన కూరగాయల్లో ఎక్కువగా కనిపించేవి మెలాయిడోగైనీ ఇన్‌కాగ్నిటా, మెలాయిడోగైనీ జవానికా అనే రెండు జాతులు. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి ఆనదు. లేత వేరు కొన దగ్గర లోపలికి దూరి ఒకచోట స్థిరపడుతుంది. దాని చుట్టూ వేరు కణాలు ఉబ్బుతాయి. మనం చూసే బుడిపె అదే. ఆడపురుగు అక్కడే బేరిపండు ఆకారంలో లావెక్కి, జిగురు ముద్దలో 200 నుంచి 500 దాకా గుడ్లు పెడుతుంది. నేల వెచ్చగా ఉంటే ఈ చక్రం 25–30 రోజుల్లో పూర్తవుతుంది. అంటే నాలుగు నెలల టమాటాలో మూడు, నాలుగు తరాలు.

దీన్నిబట్టి రెండు సంగతులు గుర్తుంచుకోవాలి.

ఒకటి, నాటిన మొదటి నాలుగు వారాల్లో వేరును కాపాడితే మొదటి తరమే పలచబడుతుంది. తర్వాతి తరాల లెక్క దానిమీదే ఆధారపడుతుంది.

రెండు, గుడ్లను తినే శిలీంద్రాలు వేరు పైకి వచ్చిన గుడ్ల ముద్దనే అందుకోగలవు. టమాటాలో బుడిపెలు బాగా లావెక్కితే ముద్దలు లోపలే ఉండిపోతాయి, శిలీంద్రం అక్కడికి చేరదు. ఆలస్యంగా పోసిన మందు పనిచేయకపోవడానికి అసలు కారణం ఇదే. చాలాసార్లు మందు నకిలీదని అనుకుంటారు గానీ, తప్పు వేళది.

## 2. పొలంలో ఉందా, ఎంత ఉంది?

పైకి కనిపించే లక్షణాలను నమ్ముకోవద్దు. మొక్క గిడసబారడం, ఆకులు పసుపెక్కడం, మిట్టమధ్యాహ్నం వాడిపోయి సాయంత్రానికి తేరుకోవడం, అదీ పొలమంతా కాకుండా మడుగులు మడుగులుగా ఉండటం: ఇవన్నీ నులిపురుగు గుర్తులే. కానీ జింకు లోపానికీ, ఎండు తెగులుకూ, నీటి ఎద్దడికీ కూడా ఇలాగే ఉంటుంది. చాలామంది యూరియా వేస్తూ పోతారు.

పాత పంట ఉంటే: మొక్కను లాగి పీకకండి, సన్న వేర్లు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. పారతో గడ్డతో సహా లేపి, బకెట్ నీళ్లలో నానబెట్టి మట్టి జార్చండి. వేరు తానే ఉబ్బి పూసల దండలా ఉంటే నులిపురుగు. లావుపాటి బుడిపెను బొటనవేలి గోటితో చీల్చి వెలుగులో చూడండి. గుండుసూది తల కంటే చిన్నగా, ముత్యపు తెలుపులో మెరిసే చుక్కలు కనిపిస్తాయి. అవే ఆడపురుగులు. బుడిపె పైన గోధుమరంగు చుక్కలా అంటుకుని ఉన్నది గుడ్ల ముద్ద.

చిక్కుడు, అలసందలో నత్రజనిని పట్టే రైజోబియం బ్యాక్టీరియా బొడిపెలతో పొరబడకండి. అవి వేరు పక్కన అతుక్కుని ఉంటాయి, వేలితో రుద్దితే ఊడి వస్తాయి, కోస్తే లోపల గులాబీ రంగు ఉంటుంది. నులిపురుగు బుడిపె వేరులోనే భాగం, ఊడదు.

ఎకరానికి 15–20 మొక్కలు ఇలా చూసి ప్రతిదానికీ మార్కు వేయండి:

- బుడిపెలు లేవు: 0
- 1–2 బుడిపెలు: 1
- 3–10: 2
- 11–30: 3
- 31–100: 4
- 100 దాటితే: 5

సగటు రాసి పెట్టుకోండి, చివర్లో మళ్లీ పని ఉంది.

పొలం ఖాళీగా ఉంటే: పదిహేను చోట్ల, పైపొర కొంచెం గీసేసి, జానెడు లోతు వరకూ మట్టి తీయండి. కలిపి, అందులోంచి కుండీలు నింపి బెండ గానీ టమాటా గానీ వేయండి. ఐదారు వారాల తర్వాత వేర్లు కడిగి చూస్తే మీ నేల సంగతి తేలిపోతుంది. కచ్చితమైన లెక్క కావాలంటే అదే మట్టి అరకిలో ప్లాస్టిక్ సంచిలో కట్టి, ఎండ తగలకుండా, ఆరిపోకుండా కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు గానీ పంపించండి. గ్రాము మట్టికి ఒకటి రెండు పిల్లపురుగులు ఉన్నాయంటేనే కూరగాయలకు జాగ్రత్త పడాల్సిన స్థాయి.

సగటు మార్కు 4 దాటితే ఈ కారు ఆ చేలో టమాటా, వంగ, దోస జాతి పెట్టకండి. జీవ మందులు ఆ భారం మోయలేవు. ముందు పంట మార్చి, సంఖ్య తగ్గించాకే కూరగాయలు (13వ అంశం చూడండి).

## 3. వెనక నుంచి లెక్కేసుకునే పట్టిక

నాట్లు ఎప్పుడో ముందు ఖాయం చేసుకుని అక్కణ్ణుంచి వెనక్కి రండి.

- 90 రోజుల ముందు: పాత పంట వేర్లతో సహా తీసివేత, పరీక్ష
- 75–60 రోజుల ముందు: లోతు దుక్కులు
- 60–20 రోజుల మధ్య: ఎండ వేడికి నేలను ఉడికించే పాలిథీన్ షీటు పరచడం (ఎండాకాలమైతేనే)
- 30 రోజుల ముందు: నారు పోయడం
- 20 రోజుల ముందు: పశువుల ఎరువులో జీవ మందులు కలిపి కుప్ప వేయడం
- 2–3 రోజుల ముందు: ఆ ఎరువు సాళ్లలో వేసి తడి పెట్టడం
- నాటిన 20–25 రోజులకు, మళ్లీ 45–50 రోజులకు: మొదళ్ల దగ్గర పోయడం

షీటు పని ఎప్పుడూ జీవ మందులకు ముందే. తారుమారైతే మీరు వేసిన మంచి శిలీంద్రాన్ని మీరే ఉడకబెట్టినట్టు.

## 4. సరుకు కొనేటప్పుడు

నాలుగు పేర్లు తెలిస్తే చాలు.

పర్‌ప్యూరియోసిలియం లిలాసినం. కొన్ని ప్యాకెట్ల మీద ఇంకా పాత పేరు పెసిలోమైసిస్ లిలాసినస్ అనే ఉంటుంది. గుడ్లలోకి పోగులు చొప్పించి తినే శిలీంద్రం. ఈ పనికి మొదట ఎంచుకోవాల్సింది ఇదే.

పొకోనియా క్లామిడోస్పోరియా. పాత పేరు వెర్టిసిలియం క్లామిడోస్పోరియం. ఇదీ గుడ్ల మీదే పనిచేస్తుంది. మందపాటి గోడ ఉన్న బీజాలు ఏర్పరుస్తుంది కాబట్టి నేలలో ఎక్కువ కాలం నిలుస్తుంది. పైదో ఇదో, ఒకటి దొరికినా సరే.

సూడోమోనాస్ ఫ్లోరెసెన్స్. వేరు చుట్టూ పెరిగే బ్యాక్టీరియా. పిల్లపురుగు వేరును చేరడాన్ని అడ్డుకుంటుంది, మొక్కలో తట్టుకునే శక్తిని లేపుతుంది. నారు దశకు ఇది తప్పనిసరి.

ట్రైకోడెర్మా (హార్జియానం లేదా విరిడి). నులిపురుగు మీద దీని పట్టు మధ్యరకం. కానీ బుడిపె వేరులోంచి ఎండు తెగులు శిలీంద్రం సులువుగా దూరుతుంది, ట్రైకోడెర్మా దాన్ని ఆపుతుంది. అందుకే తోడుగా ఉండాలి. దీన్నొక్కదాన్నే నమ్ముకుని నులిపురుగు తగ్గలేదంటే లాభం లేదు.

కనీస జత: గుడ్లు తినే శిలీంద్రం ఒకటి, సూడోమోనాస్ ఒకటి.

దుకాణంలో చూడాల్సినవి:

- రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ నాలుగూ ఉన్నాయా
- సీఎఫ్‌యూ, అంటే గ్రాములో బతికున్న కణాల లెక్క, రాసి ఉందా. శిలీంద్రాల పొడికి గ్రాముకు కనీసం 20 లక్షలు, సూడోమోనాస్‌కు 10 కోట్లు ఉండాలి
- తయారై ఆరు నెలలు దాటిందా. దాటితే వద్దు
- ప్యాకెట్లు రేకు షెడ్డు కిందో, అద్దాల అలమరలో ఎండ పడేచోటో పెట్టారా

నాలుగోది ఎవరూ పట్టించుకోరు. గడువు ఎంత ఉన్నా మే నెలంతా ఎండలో కాగిన ప్యాకెట్‌లో మిగిలేది సుద్దపొడే.

ఇంట్లో చేసుకునే మోటు పరీక్ష ఒకటుంది. ఉప్పు లేకుండా వండి చల్లార్చిన అన్నం రెండు శుభ్రమైన గాజు గ్లాసుల్లో వేయండి. ఒకదాంట్లో చిటికెడు పొడి చల్లి, రెండోదాన్ని అలాగే వదిలి, రెంటికీ పలచటి గుడ్డ కట్టి నీడలో ఉంచండి. ట్రైకోడెర్మా అయితే నాలుగైదు రోజుల్లో ముదురాకుపచ్చ బూజు కడుతుంది. లిలాసినం మెల్లగా, ముందు తెల్లగా వచ్చి తర్వాత లేత ఊదారంగుకు తిరుగుతుంది. పొడి వేసిన గ్లాసూ, వేయనిదీ ఒకేలా నల్లగా బూజు పట్టాయంటే ఆ ప్యాకెట్‌లో సత్తువ అనుమానమే. ఇది బ్యాక్టీరియాకు పనికిరాదు.

పొడి కలిపేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. జీవ మందు కదా ఏం కాదులే అనుకోవద్దు. లిలాసినం కంట్లో పడితే అరుదుగా ఇన్ఫెక్షన్ తెస్తుంది. కాంటాక్ట్ లెన్సులు వాడేవాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి.

## 5. ఎండాకాలం నేల పని

ఏప్రిల్, మే నెలల్లో రెండు మూడు లోతు దుక్కులు, ఒక్కోదానికి 10–15 రోజుల ఎడం. దుక్కి దుక్కికీ కొత్త పొర పైకి వచ్చి ఎండుతుంది. పిల్లపురుగు తేమ లేకుండా బతకలేదు.

నారుమడికీ, కొద్ది విస్తీర్ణానికీ పాలిథీన్ షీటు బాగా పనిచేస్తుంది. ఎకరాలకు ఎకరాలు పరచమని నేను చెప్పను, ఖర్చు గిట్టదు.

1. మట్టి గడ్డలు లేకుండా చదును చేయండి.
2. బాగా తడి పెట్టండి. పొడి నేలలో వేడి లోతుకు దిగదు.
3. 25 మైక్రాన్ల పారదర్శక షీటు నేలకు అంటుకునేలా పరచండి. నల్ల షీటు ఇందుకు పనికిరాదు.
4. అంచులన్నీ మట్టిలో పూడ్చండి. గాలి దూరితే ఆవిరి పోతుంది.
5. నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి.
6. తీశాక లోతుగా దున్నొద్దు. కింది పొరలో బతికున్న పురుగు పైకి వస్తుంది.

## 6. నారు: ఇక్కడ ఓడితే అంతా ఓడినట్టే

శుభ్రమైన చేలోకి నులిపురుగు వచ్చే దారుల్లో మొదటిది నారు. రెండోది అద్దె ట్రాక్టర్ గొర్రుకూ రోటవేటర్‌కూ అంటిన మట్టి.

ప్రోట్రేల్లో పెంచితే: కోకోపీట్‌ను (కొబ్బరి పీచు పొట్టును) ముందు నీళ్లతో కడిగి ఉప్పు పోగొట్టండి. సూడోమోనాస్, ట్రైకోడెర్మా టన్నుకు కిలో రెండు కిలోల లెక్కన, అంటే కిలో కోకోపీట్‌కు ఒకటి రెండు గ్రాములు కలపండి. విత్తనానికి కిలోకు 10 గ్రాముల సూడోమోనాస్ పట్టించి నీడలో ఆరబెట్టి విత్తండి. విత్తనం మీద ముందే థైరమ్ లాంటి మందు రంగు ఉంటే బ్యాక్టీరియా, శిలీంద్రం ఏవీ పట్టించకండి, దండగ.

ట్రేలను నేల మీద పెట్టకండి. ఈ ఒక్క మాట వినక మంచి నారు పాడుచేసుకుంటారు. మూడో వారానికి వేర్లు అడుగు చిల్లుల్లోంచి దిగి కింది మట్టిని తాకుతాయి, పురుగు అక్కడే ఎక్కుతుంది. ట్రే ఎత్తి అడుగున చూస్తే తెల్లటి వేర్లు మట్టితో వేలాడుతుంటాయి. బల్లలు లేకపోతే ఇటుకల మీద వెదురు బద్దలైనా పేర్చండి.

నారుమడి పోస్తే: ఎత్తు మడి, షీటు పరిచి తీసిన నేల. చదరపు మీటరుకు 50 గ్రాముల లిలాసినం లేదా పొకోనియా, రెండు మూడు కిలోల మాగిన ఎరువులో కలిపి పై మట్టిలో కలియబెట్టండి. పోయిన ఏడాది నారు పోసిన చోటే మళ్లీ పోయకండి.

కొనుక్కుంటే: డబ్బు ఇచ్చేముందు వేర్వేరు ట్రేల నుంచి పదిహేను మొక్కలు తీసి వేర్లు నీళ్లలో కడిగి చూడండి. చిన్న పూస ఒక్కటి కనిపించినా ఆ నారు వద్దు. నర్సరీ ఆయన కసురుకున్నా సరే, పొలం మీది.

నాటే రోజు లీటరు నీటికి 10 గ్రాముల సూడోమోనాస్ కలిపి ట్రే అడుగు భాగాన్ని, లేదా పీకిన నారు వేర్లను, 20–30 నిమిషాలు ముంచండి.

## 7. ఎరువు కుప్ప

జీవ మందును నేరుగా పొలంలో చల్లితే ఎక్కువ భాగం వృథా. ఎండకు కొంత పోతుంది, మిగిలింది తిండి లేక నశిస్తుంది. మాగిన పశువుల ఎరువులో ముందు దాన్ని పెంచి, ఆ ఎరువుతో సహా వేరు దగ్గరికి చేర్చాలి. బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ సిఫారసులకు మూలసూత్రం కూడా ఇదే. మన దగ్గర ట్రైకోడెర్మాకు తొంభై పాళ్లు ఎరువు, పది పాళ్లు వేపపిండి కలిపే అలవాటు ఎప్పట్నుంచో ఉంది. అదే కొలత ఇక్కడా పనికొస్తుంది.

ఒక టన్నుకు కావలసినవి

- బాగా మాగిన పశువుల ఎరువు 900 కిలోలు
- వేపపిండి 100 కిలోలు (నూనె పూర్తిగా పిండేయని, ఘాటు వాసన పోని తాజా సరుకు)
- లిలాసినం లేదా పొకోనియా 2 కిలోలు
- ట్రైకోడెర్మా 2 కిలోలు
- సూడోమోనాస్ 2 కిలోలు
- బెల్లం ఒకటి రెండు కిలోలు, నీళ్లలో పలచగా కరిగించి

ఎరువు మాగిందా? కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే ఇంకా పచ్చిదే. ముక్కు మండించే అమోనియా వాసన వచ్చినా పచ్చిదే. పచ్చి పెంటలో కలిపితే ఆ వేడికి అన్నీ చస్తాయి. పైగా కలుపు విత్తనాలు బోనస్. చేతిలో నలిపితే పొడిపొడిగా, నల్లగా, తొలకరి మట్టి వాసనతో ఉండాలి.

వేసే పద్ధతి

1. చెట్టు నీడలోనో పాక కిందో చోటు చూడండి. వాన నీరు నిలవకూడదు.
2. జానెడు మందం ఎరువు పరిచి, పైన వేపపిండి, దాని మీద పొడులు చల్లండి. బెల్లం నీళ్లు చిలకరించండి. మళ్లీ ఎరువు. ఇలా మోకాలెత్తు దాకా. అంతకంటే ఎత్తయితే మధ్యలో వేడి పుడుతుంది.
3. పారతో అంతా ఒకసారి తిరగేసి కలపండి.
4. పదును చూడండి. పిడికిట నొక్కితే ముద్ద కట్టాలి, వేళ్ల సందుల్లోంచి నీరు కారకూడదు. బొటనవేలితో పొడిస్తే ముద్ద విడిపోవాలి. తేమ 25–30 శాతం అంటే ఇదే.
5. తడి గోనెసంచులు లేదా వరిగడ్డి కప్పండి. ప్లాస్టిక్ కవరు బిగించొద్దు, గాలి కావాలి.
6. ఏడో రోజు తిరగేసి, ఆరితే నీళ్లు చిలకరించండి. పద్నాలుగో రోజు మళ్లీ.
7. 15 నుంచి 20 రోజులకు సిద్ధం. గడ్డలు విడదీస్తే తెల్లటి సన్నని పోగులు, అక్కడక్కడ ఆకుపచ్చ మచ్చలు కనిపిస్తాయి.

పదిహేను రోజులు దాటినా పోగులు కనిపించలేదా? మొదట తేమ చూడండి, నూటికి తొంభై మార్లు కుప్ప ఎండిపోయి ఉంటుంది. తేమ సరిగ్గానే ఉండి చల్లగానే ఉంటే పొడిని అనుమానించండి, 4వ అంశంలోని అన్నం పరీక్ష చేయండి. చెడు వాసన వస్తుంటే నీళ్లు ఎక్కువయ్యాయి, పలచగా పరిచి ఒకరోజు ఆరనిచ్చి మళ్లీ కుప్ప చేయండి.

డ్రమ్ములో బెల్లం నీళ్లు, పొడి కలిపి రెండు రోజులు ఉంచి "పెంచి" పోసే పద్ధతి గురించి కూడా అడుగుతుంటారు. నేను సిఫారసు చేయను. మురుగు నీటి డ్రమ్ములో పెరిగేది మనం వేసినదేనని నమ్మకం లేదు. ఈ శిలీంద్రాలకు పెంట కుప్ప చాలు, అంతకంటే చౌక సాధనం లేదు.

## 8. నాటే సాళ్లలో వేయడం

ఎకరాకు ఇలా మాగిన ఎరువు రెండు టన్నులు. అంత దొరకనివాళ్లు ఒక టన్నే చేసుకుని, పొలమంతా చల్లకుండా నాటే సాలులోనో గుంటలోనో మాత్రమే వేయాలి. వేరు ఉండేచోట మందు ఉండాలి, కాలిబాటలో కాదు.

- సాయంత్రం పూట వేయండి
- వేసిన వెంటనే జానెడు లోతు మట్టిలో కలియబెట్టండి
- అదేరోజు తడి ఇవ్వండి
- రెండు మూడు రోజులకు నాటండి
- మల్చింగ్ షీటు లేదా వరిగడ్డి కప్పితే తేమా చల్లదనమూ నిలిచి శిలీంద్రం బతుకుతుంది

లిలాసినం 26–30 డిగ్రీల దగ్గర హుషారుగా పెరుగుతుంది, 36 దాటితే బాగా మందగిస్తుంది. మే నెల మధ్యాహ్నం ఎర్రనేల పైపొర ఎంత కాగుతుందో చెప్పులు లేకుండా నడిచినవాళ్లకు తెలుసు. అందుకే కప్పు లేకుండా ఎండాకాలపు నాట్లలో ఫలితం అంతంతమాత్రంగా ఉంటుంది.

## 9. నాటాక

20–25 రోజులకు మొదటిసారి, 45–50 రోజులకు రెండోసారి. గుడ్లు తినే శిలీంద్రం, సూడోమోనాస్ విడివిడిగా వారం ఎడంతో ఇస్తే మేలు. లీటరు నీటికి 10 గ్రాములు, మొక్కకు 50 మిల్లీలీటర్లు, మొదలు చుట్టూ. ప్యాకెట్ మీద వేరే మోతాదు ఉంటే దాన్నే పాటించండి. కాకర, వంగ లాంటి ఎక్కువ కాలం నిలిచే పంటలకు 75 రోజులకు మూడోసారి.

డ్రిప్‌లో ఇచ్చేవాళ్లు పొడి మందును నేరుగా ట్యాంకులో పోస్తే డ్రిప్పర్లు మూసుకుపోతాయి, అందులో ఎక్కువ పాలు టాల్కు పొడే. ఇలా చేయండి:

1. ముందురోజు కాదు, అదే సాయంత్రం పొడిని బకెట్ నీళ్లలో బాగా గిలకొట్టండి.
2. పదిహేను నిమిషాలు ఆగి, పై తేటను రెండు పొరల గుడ్డలో వడకట్టండి. మడ్డిని పారేయకండి, ఎరువు కుప్పలో వేయండి.
3. ముందు కాసేపు ఉత్త నీళ్లు వదిలి నేల తడవనివ్వండి.
4. మందు నీళ్లు పంపండి.
5. చివర పది నిమిషాలు ఉత్త నీళ్లు వదిలి పైపులు కడగండి.

ద్రవరూపంలో దొరికితే డ్రిప్‌కు అదే సుఖం. పైపులు శుభ్రం చేయడానికి యాసిడ్, క్లోరిన్ వాడినట్టయితే ఆ వారం జీవ మందు జోలికి పోకండి.

## 10. ఏవి ఏ వాటితో పడవు

- కార్బెండజిమ్, మాంకోజెబ్, కాపర్ ఆక్సీక్లోరైడ్ మొదళ్లలో పోస్తే శిలీంద్రాలు దెబ్బతింటాయి. ముందూ వెనకా రెండు వారాల ఎడం ఉండాలి.
- స్ట్రెప్టోసైక్లిన్ లాంటి యాంటీబయోటిక్ సూడోమోనాస్‌ను చంపుతుంది.
- మెటలాక్సిల్ ఒక్కటే అయితే ట్రైకోడెర్మాకు పెద్దగా హాని లేదు. కానీ మార్కెట్లో ఎక్కువగా దొరికేది మాంకోజెబ్‌తో కలిపినది. పేరు చూసి మోసపోకండి.
- నులిపురుగు రసాయనాల్లో ఫ్లూయోపైరామ్ పుట్టుకతో శిలీంద్రనాశిని. ఉధృతి ఎక్కువై వాడాల్సి వస్తే ముందు అది, మూడు వారాల తర్వాతే జీవ మందులు.
- రసాయన ఎరువులతో ఒకే బకెట్‌లో కలపకండి. వేర్వేరు రోజుల్లో ఇవ్వడానికి ఇబ్బంది లేదు.

ఆకుల మీద కొట్టే పురుగుమందులతో భయం లేదు.

## 11. తరచూ చూసే పొరపాట్లు, సవరణలు

బుడిపెలు చూశాక పరుగెత్తి కొనడం. చేతిలో పంట ఉంటే చేయగలిగింది ఇంతే: తేమ నిలపండి, మొదళ్లకు మాగిన ఎరువు ఎగదోసి కొత్త వేర్లు రానివ్వండి, నీటి తడులు కొంచెం కొంచెంగా దగ్గర దగ్గరగా ఇవ్వండి, సూడోమోనాస్ పోయండి. దిగుబడి కొంత దక్కుతుంది. గుడ్లు తినే శిలీంద్రం వచ్చే పంటకు దాచుకోండి.

ట్రిపుల్ రెసిస్టెంట్ రకం వేశాం కదా అనే ధీమా. అర్క రక్షక్ లాంటి టమాటా హైబ్రిడ్లు తట్టుకునే మూడు: ఆకుముడత వైరస్, బ్యాక్టీరియా ఎండు తెగులు, ముందుగా వచ్చే ఆకుమాడు తెగులు. నులిపురుగు ఆ మూడింట్లో లేదు. నులిపురుగును తట్టుకునే ఎంఐ జన్యువు ఉన్న టమాటాలు వేరే. వాటి శక్తి కూడా నేల వేడి 28 డిగ్రీలు దాటితే సడలుతుంది. జామ తోటల్ని ఎండబెడుతున్న మెలాయిడోగైనీ ఎంటెరోలోబీ జాతికి ఆ జన్యువు అసలు అడ్డే కాదు. జామ తీసేసిన చేలో టమాటా వేసేవాళ్లు ఇది గమనించాలి. ఉస్తి (అడవి వంగ) వేరు మీద కట్టిన వంగ, టమాటా అంటు నారు దొరికితే ఇంతకంటే నమ్మకం.

నవధాన్యాలన్నీ మంచివేనని పచ్చిరొట్టగా చల్లడం. అలసంద, బెండ, దోస, సొర గింజలున్న మిశ్రమం నులిపురుగు చేలో నెల దాటి ఉంటే పురుగుకు విందు. అలాంటి చేలో మిశ్రమంలో జొన్న, నువ్వు, జనుము పాలు పెంచి మిగతావి తీసేయండి.

కలుపు వదిలేయడం. కామంచి, ముళ్లతోటకూర, గంగవాయిలి వేర్లలో నులిపురుగు హాయిగా పెరుగుతుంది. పంట లేని రెండు నెలలూ కలుపు అలాగే ఉంటే మీరు చేసిన దుక్కి ఖర్చు పోయినట్టే.

వంగను కార్శికి వదలడం. పాత మొదళ్లు నరికి మళ్లీ చిగురు తీస్తే కాయ వస్తుంది నిజమే, పురుగు సంఖ్య మాత్రం చేను పట్టనంత అవుతుంది.

## 12. పాలీహౌస్‌లో అయితే

క్యాప్సికం, కీరదోస ఏడాది పొడుగునా ఒకే మడిలో ఉండటం వల్ల సమస్య బయటికంటే ముదురుతుంది. ఎండాకాలం ఆరు వారాలు ఖాళీ పెట్టి షీటు పరచండి, కర్టెన్లు మూసేస్తే ఇంకా వేడెక్కుతుంది. తర్వాత చదరపు మీటరుకు అరకిలో చొప్పున 7వ అంశంలోని ఎరువు మడుల్లో కలపండి. జీవ మందు నెలకోసారి డ్రిప్‌లో. లోపలికి వేరే చెప్పులు, వేరే పార. బయటి ఎర్రమట్టి తెచ్చి మడులు నింపేముందు 2వ అంశంలోని కుండీ పరీక్ష చేయకుండా ఒక్క తట్ట కూడా పోయకండి.

## 13. పంట తీశాక

కోతలైన వారంలోపే మొక్కల్ని వేర్లతో లేపండి. పైన కోసి మొదళ్లు వదిలేస్తే అవి ఇంకో తరాన్ని సాకుతాయి. వేర్లను గట్టు మీద కాకుండా గట్టి నేల మీద ఎండబెట్టి కాల్చండి. పశువుల కొట్టంలోకీ పెంటకుప్పలోకీ వెళ్లకూడదు.

లేపుతూనే 2వ అంశంలోలాగా 15–20 వేర్లకు మార్కులు వేయండి. పోయినసారి సగటు పక్కన రాయండి. మొదటి కారులోనే బుడిపెలు మాయమవుతాయని ఎదురుచూడొద్దు. 4 ఉన్నది 3కో, రెండున్నరకో దిగితే దారి సరైనదే. రెండు మూడు పంటలు వరుసగా చేస్తే నిలకడ వస్తుంది.

సగటు 2 లోపు ఉంటే కూరగాయ మళ్లీ వేయొచ్చు, ఎరువు కుప్ప మాత్రం తప్పదు. 2–3 మధ్య ఉంటే ఉల్లి, వెల్లుల్లి, జొన్న, నువ్వు లాంటిది ఒక పంట మధ్యలో పెట్టండి. నీళ్లుంటే వరి ఇంకా మంచిది, నిలవ నీటిలో ఈ జాతులు బతకలేవు. వేరుశనగ పెట్టేముందు పరీక్ష చేయించండి. ఇన్‌కాగ్నిటాకు అది సరిపడదు గానీ, అరెనేరియా జాతి ఉంటే వేరుశనగ మీదా పడుతుంది.

3 దాటితే బంతి. గట్టు చుట్టూ ఒక వరుస వేసి అయిపోయిందనుకోవద్దు, ఆ వరుస వేర్లు ఉన్నంతమేరకే దాని పని. చేనంతా ఒత్తుగా వేసి రెండు మూడు నెలలు ఉంచితేనే పురుగు తగ్గుతుంది. జులైలో నాటితే బతుకమ్మ, దసరా, దీపావళి పూల ధర దొరుకుతుంది. పూలు అయ్యాక మొక్కల్ని అక్కడే దున్ని, తేమ పెట్టి మూడు వారాలు చివకనివ్వండి. బంతి నాటిన రెండో నెలలోనే యాసంగి టమాటాకు నారు బల్లలు సిద్ధం చేసుకుని, దున్నే రోజున ఎరువు కుప్ప వేస్తే నాట్ల వేళకు రెండూ చేతికొస్తాయి.